ముందు మట్టలు, ఆ తర్వాతే గాజులు

అలా గుడ్లురిమి చూస్తే నీళ్ళొస్తాయా మావయ్యా? తిట్టదలచుకుంటే చందమామని తిట్టండి. ఈ సముద్రాన్ని తీసుకెళ్ళేదీ ఆయనే, తిరిగి తెచ్చిచ్చేదీ ఆయనే. నాదేముంది, పడవ నడిపేదాన్ని.

కూర్చోండి. అబ్బ, కూర్చోండంటే! మీరలా లేచి నిలబడితే పడవ ఒరుగుతుంది. ఒరిగిందంటే మీ తెల్లసూటుకి నాది పూచీ కాదు. ముందే చెబుతున్నా.

ఇసకలో కూరుకుపోయింది, ఏం చెయ్యను? గెడ వేసి నెట్టాను, చూశారు కదా. కదిలిందా? కప్పు గెలిచాక మీరు తిన్న విందులన్నీ ఈ పడవే మోయాలంటే అది మాత్రం ఎక్కడికి కదులుతుంది!

అసలు పడవలో వస్తానన్నది ఎవరంట? నేనా పిలిచింది? గుమ్మం ముందు కారుంది. రోడ్డుంది. "మన ద్వీపం మనిషిలా తెరచాప కింద నిలబడి, చేతిలో నౌరస్ ఫుట్‌బాల్ క్లబ్బు చొక్కా ఎత్తి పట్టుకుని రేవులోకి రావాలి, ఫొటో అదిరిపోవాలి" అన్నది ఎవరు? అవతలి ఒడ్డు స్ఫాక్స్ నుంచి వచ్చిన ఆ ఫొటోల కుర్రాడు చెప్పాడట, ప్రెసిడెంటుగారు ఎగిరి గంతేశారట. పడవెక్కి ఎన్నేళ్ళయిందో మరిచిపోయిన మనిషికి ఇవాళ ద్వీపం గుర్తొచ్చింది!

పైగా నా దగ్గరికే వచ్చారు. "మబ్రూకా తల్లీ, మీ నాన్న నడుం నొప్పని పడుకున్నాడుగా, నువ్వే తీసుకురా" అని. ఎన్నాళ్ళకి తల్లినయ్యానో!

అదుగో రేవు, కనబడుతూనే ఉంది. హోటలు మేడమీద మీరు కట్టించిన జెండాలు కూడా కనబడుతున్నాయి. ఆ జెండాల నీడలో మీరు కొనుక్కునే మహానుభావుడు కూర్చుని మన చేపలు ముళ్ళతో సహా నములుతూ ఉంటాడు. వాల్దెమార్! పలకడానికే రెండు ఊపిర్లు కావాలి. ఇక పరిగెత్తడానికి ఆయనకెన్ని కావాలో!

గడియారం ఎన్నిసార్లు చూస్తారు? తెలుసు లెండి. ఐదింటిలోపు సంతకం పడాలి. ఐదు దాటితే ఫెడరేషన్ వాళ్ళు ఈ ఏడాదికి కొత్త ఆటగాళ్ళ పేర్లు రాసుకోరు. మన మేకలక్కూడా తెలుసు ఆ సంగతి.

దిగి నడవండి మరి! మోకాలు లోతు కూడా లేదు. చిన్నప్పుడు ఈ బురదలో పొర్లినవాళ్ళే కదా. మా అమ్మ చెప్పేది, మిమ్మల్ని వెతకాలంటే కాళ్ళు కాదు, చెవులు చూసేవాళ్ళట, చెవుల్లో తప్ప ఒళ్ళంతా బురదేనని. ఇప్పుడేమైంది? ఆ బూట్లా? ఇటలీవా? అయితే కూర్చోండి. బూట్లు గెలిచాయి, మీరు ఓడారు.

ఫోన్ చేస్తారా? చెయ్యండి. ఎవరొస్తారు? మోటారు పడవ ఈ లోతులోకి రాదు. మనవాళ్ళంతా రేవు మీద జుట్టు దువ్వుకుని మీ రాక కోసం నిలబడ్డారు. చొక్కాలకి మట్టంటుతుందని ఒక్కడూ దిగడు. ఎవరి దగ్గర నేర్చారో మరి!

సరే. నీళ్ళొచ్చేదాకా ఎలాగూ ఇక్కడే. రొట్టె తింటారా? బార్లీ రొట్టె. కారం ఉంది, ఎండబెట్టిన ఆక్టోపస్ ముక్క ఉంది. వద్దా? హోటల్లో విందుందని పొట్ట ఖాళీగా ఉంచుకున్నారా? పోనీ, నేను తింటా. మీరు వినండి. మీ ఎదురుగా ఎవరూ అనని మాట నాలుగు నిమిషాలు వినండి. అక్కడ లేచిపోవచ్చు, ఇక్కడ లేవలేరు కదా.

కప్పు ఎలా వచ్చింది మావయ్యా?

ఆహా, మీరు తెచ్చారా! మీరు టై కట్టుకుని స్టేడియం మెట్ల మీద చప్పట్లు కొట్టారు. అది నేనూ కొట్టా, మా ఇంటి డాబా మీద. అరచేతులు వాచాయి.

కప్పు ఎలా వచ్చిందో నేను చెబుతా. ఆ ఉప్పునేల లేదూ, ఖర్జూరాల తోపు పక్కన, గడ్డి కూడా మొలవని నేల? అక్కడి నుంచి వచ్చింది. పదకొండుమందిలో పదకొండుమందీ ఆ నేల మీద మోకాళ్ళు చీరుకున్నవాళ్ళే. ఉప్పు తగిలిన మోకాలు ఎలా మండుతుందో మీకు గుర్తుందా? నాకుంది. పదమూడేళ్ళు వచ్చేదాకా నేనూ గోల్ ముందు నిలబడ్డా. ఆ తర్వాత మా అమ్మ చెవి పట్టుకుని లాక్కెళ్ళింది. షాద్లీ మాస్టారు మా అమ్మ వెనకాలే వచ్చి, "అమ్మా, ఈ పిల్ల చేతులు తీసుకెళ్ళిపోతే నాకు గోల్‌కీపర్ లేడమ్మా" అని బతిమాలుకున్నాడు. నాకు పెళ్ళి చెయ్యమని కూడా ఎవరూ అంతలా బతిమాలలేదు ఇంతవరకు.

నవ్వారా? నవ్వండి. షాద్లీ మాస్టారు పేరెత్తితే మీకు నవ్వొస్తుంది. సున్నం గీతలు చేత్తో గీసుకునే మాస్టారు. ఈల పోతే నోటితోనే ఈల వేసే మాస్టారు. ఆయన్ని మీరు ఏమన్నారో ద్వీపమంతా తెలుసు. "మాస్టారూ, ఇప్పుడు మనం పెద్ద క్లబ్బు. మీరిక విశ్రాంతి తీసుకోండి" అన్నారట. పెద్ద క్లబ్బు! గోచీకి గతిలేనివాడు తలపాగాకి పట్టు కొన్నాడట.

ఆ రోజు గుర్తుందా, కప్పు వచ్చిన రోజు? కప్పునీ పిల్లల్నీ ఎక్కించుకుని లూద్, మన పెద్ద పడవ, అవతలి ఒడ్డు నుంచి వస్తోంది. సైరను ఆపకుండా మోగిస్తున్నాడు డ్రైవరు. ఆడవాళ్ళంతా నీళ్ళలోకి దిగిపోయి నాలుకలాడిస్తూ జగారీత్‌లు ఎత్తారు, గొంతులు పగిలిపోయేలా. పడవలన్నీ ఎదురెళ్ళాయి. నాకైతే సముద్రం పెళ్ళికూతురిలా అనిపించింది మావయ్యా. నిజం. ఎండ దాని మీద పడి ఎక్కడ చూస్తే అక్కడ తళుకులే. ఈ ఉప్పు, ఈ ఎండు చేపల వాసన, ఈ ఖాళీ ఇళ్ళు, ఏవీ కనబడలేదు నాకు ఆ ఒక్క రోజు. మనం గెలిచాం! అవతలి ఒడ్డు వాళ్ళు "చేపల కంపు" అని ముక్కు మూసుకునే మనం! ఇక మన పిల్లలు ఎటూ పోనక్కర్లేదు అనుకున్నా. పిచ్చిదాన్ని.

మీరేం అనుకున్నారు? గుండ్రాయి కట్టించాలనుకున్నారు.

అవును, నేను దాన్ని గుండ్రాయే అంటా! నాలుగు రోడ్ల మధ్యన, మేడంత కాంక్రీటు కప్పు, బంగారు రంగేసి! దాని నోట్లోంచి నీళ్ళు చిమ్ముతాయన్నారు. మన ద్వీపంలో తాగడానికి నీళ్ళు లేవు, కప్పులోంచి చిమ్ముతాయట! ఇప్పుడందులో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకున్నాయి. ఆ మాటకొస్తే మీరు పెట్టిన డబ్బుతో బాగుపడినవి ఆ పిచ్చుకలొక్కటే. నాలుగు రోడ్లంటున్నానా? మనకున్నది ఒక్కటే రోడ్డు. నాలుగు రోడ్ల కూడలి కోసం మిగతా మూడూ మీరే పది గజాలు వేయించి వదిలేశారు.

ఆ తర్వాత బస్సు. చల్లగాలి బస్సు, పక్కన క్లబ్బు గుర్తు సముద్రపు గువ్వ బొమ్మ, వెనక మీ బొమ్మ. ఆ పొడుగు బస్సు లూద్ ఎక్కడానికి రేవు దగ్గర తిరగదు. తిరగదని కొనేముందు చూసుకోవద్దూ? ఇప్పుడు బస్సు ఇటు, ఆటలేమో అటు. పిల్లలు బస్సెక్కి రేవుదాకా వచ్చి, దిగి, లూద్ ఎక్కి, అవతల అద్దె బండ్లలో మడతలు పడి వెళుతున్నారు. ద్వీపంలో మాత్రం దర్జాగా తిరుగుతోంది, పెళ్ళిళ్ళకి.

సరే, అవి పోయినవి. కాంక్రీటు పగలగొడితే పోతుంది, బస్సు అమ్మితే పోతుంది. ఇవాళ్టిది అలా కాదు కదా మావయ్యా. అందుకే కదా నా కడుపు మండేది.

ఈ మహానుభావుడికి జీతం ఇవ్వగలరు, సరే, గదెక్కడ? హోటలువాడు ఊరికే ఇస్తానన్నాడు. సముద్రం కనబడే గది, రెండు మంచాలు, ఐసు పెట్టె. మరి ఊరికే ఎందుకిస్తాడు? ఉప్పునేల ఇవ్వమన్నాడు, వచ్చేవాళ్ళ కార్లు పెట్టుకోవడానికి. మీరు సరేనన్నారు. రెండు సంతకాలు, ఒకే బల్ల మీద, ఒకే కలంతో. ఒకదానితో ఆయనొస్తాడు. రెండోదానితో పిల్లల నేల పోతుంది. దాచారా? దాచితే దాగుతుందా! మీ కలం కొన్న కొట్టువాడే చెప్పాడు.

కప్పు తెచ్చిన నేల మీద కార్లు! విత్తనాల గింజలు వండుకు తిని, పొయ్యి బాగా మండిందని పొంగిపోయినట్టుంది.

ఏంటీ? పేరున్నవాడు వస్తేనే కంపెనీలవాళ్ళు డబ్బులిస్తారా? వచ్చే ఏడు బయటి దేశాల క్లబ్బులతో ఆడాలి, పల్లెటూరి పిల్లల్తో పరువు పోతుందా? సరే, ఆ మాట కాస్త నిజమే. ఒప్పుకుంటా. గెలవడం కంటే గెలిచి నిలవడం కష్టం. నిలవాలంటే ఖర్చుపెట్టాలి. నేను వద్దన్నానా? డబ్బు పరుపు కింద పెట్టుకుని పడుకోమన్నానా?

ఆ నేల మీద మంచి మట్టి పొయ్యండి. వానాకాలం నీళ్ళు నిలవకుండా కాలవ తవ్వించండి. షాద్లీ మాస్టారి పక్కన ఇంకో ఇద్దర్ని పెట్టండి. దెబ్బ తగిలిన పిల్లాడికి లూద్ కోసం తెల్లారేదాకా ఆగకుండా ఇక్కడే ఒక డాక్టరు ఉండేలా చూడండి. కప్పు గెలిచిన పిల్లల్ని ఇంకో రెండేళ్ళకి ఒప్పందం రాసి నిలుపుకోండి, ముద్దుగా చూసుకోండి. ఇవన్నీ అయ్యాక మిగిలితే తెండి మీ వాల్దెమార్‌ని, చూసి మేమూ ఈల వేస్తాం.

కానీ మీరేం చేశారు? వనీస్‌ని పంపేశారు.

వాడి కాలు... ఎడంకాలు... ఎలా చెప్పాలి? బంతి వాడి దగ్గరికొస్తే పని మీద కాదు, చుట్టం చూపుగా వచ్చినట్టు ఉండేది. ఫైనల్లో వాడు ఆ మూల నుంచి బంతిని వంచి పంపితే గాలే దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. వాడి వీపు మీది పదకొండు నెంబరు మీ వాల్దెమార్‌కి కావాలట. ఒప్పందంలో రాయించుకున్నాడట. వాడు చొక్కా మడతపెట్టి ఆఫీసులో ఇచ్చేసి లూద్ ఎక్కాడు. అవతలి ఒడ్డున ఏదో క్లబ్బుకి అరువిచ్చారట, గునపం అరువిచ్చినట్టు. వెనక్కి తిరిగి చూస్తాడనుకున్నా. చూళ్ళేదు.

ఎందుకలా చూస్తారు? అవును, రేవుకెళ్ళాను. వెళితే ఏం? వాడికి చెప్పలేదు ఎప్పుడూ. చెప్పేదాన్నేమో, వచ్చే వేసవిలో. ఇప్పుడా మాటెందుకు, మీకు చెప్పి లాభమేంటి? మీకు ఎడంకాలే కనబడలేదు, ఎడంవైపు గుండె ఏం కనబడుతుంది!

వాల్దెమార్ మంచివాడేనంటారా? నేను కాదన్నానా? ఒకప్పుడు టీవీలో నేనూ చూశా. అప్పుడు బాగుండేవాడు. చింత చచ్చినా పులుపు చావదంటారు. పాపం ఈయనకి చింతా చచ్చింది, పులుపూ చచ్చింది, మిగిలింది పేరు. మోకాళ్ళకి రెండు పట్టీలట. మెట్లెక్కేప్పుడు గోడ పట్టుకున్నాడని గదులూడ్చే మన హినీదే చెప్పింది. అవతలి ఒడ్డు వాళ్ళు తినేసి పారేసిన పుచ్చకాయ తొక్కకి మీరు బంగారు రంగు వేసుకుంటున్నారు.

అదిగో... అదిగో చూశారా? నీళ్ళు ఇంకా తీస్తున్నాయి. ఆ నల్లగా పైకొస్తున్నవేంటో చెప్పండి.

ముసలివాళ్ళ పళ్ళలా, వరసగా. కొన్ని విరిగి, కొన్ని వంగి. అటు చివర గుండ్రంగా తిరిగాయి చూడండి. గుర్తుపట్టలేదా? నిజంగా? అయ్యో ప్రెసిడెంటుగారూ, అది మీ నాన్న దడి!

పచ్చి ఖర్జూరపు మట్టలు కోసి, ఒక్కొక్కటీ ఈ బురదలో పాతి, తాడు వేసి అల్లి... నీళ్ళు తీసేటప్పుడు చేప ఆ గోడ వెంబడే పోయి పోయి చివరి గదిలో పడేది. నెత్తురు చుక్క లేదు, గాలం లేదు. మా తాత పాతాడు, వాళ్ళ నాన్న పాతాడు. ఏటా పాతాల్సిందే. ఉప్పు తినేస్తుంది కదా మట్టల్ని. గోడ కొత్తదైతేనే చేప నమ్ముతుంది అనేవాడట.

మీ అమ్మ, అదే మా అమ్మమ్మ, ఏమనేదో గుర్తుందా? చేపలు విరగబడి పడిన ఏడాది ఇంట్లో ఆడవాళ్ళంతా గాజుల కోసం చేతులు చాస్తే, "ముందు మట్టలు, ఆ తర్వాతే గాజులు" అనేది. తను మాత్రం గాజుల్లేకుండానే పోయింది పాపం. దడి మాత్రం ఆవిడ ఉన్నన్నాళ్ళూ పచ్చగా ఉంది.

ఆ తర్వాత మీ చేతికొచ్చింది. అందరూ చెప్పుకునే ఆ పెద్ద చేపల ఏడాది! గాడిదలు చాలక కావిళ్ళతో మోశారట. డబ్బు చేతినిండా ఉంది. మీరేం కొన్నారు? మట్టలు కొన్నారా? మోటారు కొన్నారు. ద్వీపంలో మొదటి మోటారు! ఊరంతా చూడ్డానికొచ్చింది. అది చేసే చప్పుడుకి మీసం మెలేశారట. పాత మట్టలే ఇంకో ఏడాది లాగుతాయిలే అన్నారు.

లాగలేదు కదా మావయ్యా. చిల్లులు పడ్డ గోడలోంచి చేపలు ఊరేగింపుగా వెళ్ళిపోయాయట. మోటారు వేసుకుని మీరు వాటి వెనకాల పరిగెత్తారట! తాత ఒడ్డున కూర్చుని అంతా చూశాడట. ఆ ఏడాదే పోయాడు.

ఆ మోటారే మీకు ఐసు ఫ్యాక్టరీ ఇచ్చిందా? ఎవరన్నారు? అత్తయ్య నగలు ఇచ్చాయి. మోటారు కోళ్ళ గూడు కింద తుప్పు పట్టి ఉంది, మొన్ననే చూశా, గుడ్లు పెడుతున్నాయి దాని మీద. నువ్వు... నువ్వు ఒక్కసారన్నా నీ తప్పు...

'నువ్వు' అనేశానా? అననివ్వండి. చిన్నప్పుడు నువ్వనే అనేదాన్ని. మీ భుజాలెక్కి ఉప్పునేల చుట్టూ తిరిగినప్పుడు మీరు ప్రెసిడెంటు కాదు కదా. అప్పట్లో మీకు కుడికాలితో బంతి ఎంత దూరం తన్నొచ్చో అదొక్కటే లోకం. ఆ మనిషి ఏమయ్యాడో అని అప్పుడప్పుడు అనుకుంటా, ఖాళీ ఇల్లు చూసినప్పుడు అనుకున్నట్టు.

ఆగండి. ఎవరో వస్తున్నారు. అటు, ఖర్జూరాల వైపు నుంచి. మీ కోసం కాదు లెండి, ఆశపడకండి. పిల్లలు.

అయ్యో, బంతి కూడా తెచ్చుకున్నారు. చూడండి ఎలా పరిగెత్తుకొస్తున్నారో! నీళ్ళు తీశాక బయటపడ్డ ఈ ఇసకంతా వాళ్ళదేననుకున్నట్టున్నారు. ఉప్పునేల వదిలి ఇటెందుకొచ్చారబ్బా ఇవాళ? ఊరేగింపు కార్లు అడ్డం పెట్టారేమో.

ఒరేయ్, అవేంట్రా పీకుతున్నారు! చూశారా మావయ్యా? మీ నాన్న పాతిన మొద్దులు పీకి గోల్ స్తంభాలు పాతుకుంటున్నారు. పీకనివ్వండి. చేపలు పడడం మానేసి ఎన్నేళ్ళయిందో, ఇన్నాళ్ళకి వాటి మధ్య ఏదో ఒకటి పడబోతోంది.

వాణ్ణి చూడండి. ఆ ఎర్ర లాగువాణ్ణి కాదు, వాడి వెనక చొక్కా లేనివాణ్ణి. బంతి పోయే దారి చూడండి. నీళ్ళ గుంట ఉంది అక్కడ, బంతి అందులో పడితే ఆగిపోతుంది. వాడు దాన్ని గుంట మీంచి ఎత్తాడు, చూశారా? ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, గుంటే నేర్పింది. అబ్బా! ఎడంకాలు మావయ్యా! ఎడంకాలు! చూశారా, లేదా? చూస్తున్నారా, మళ్ళీ గడియారమేనా?

వాడికి నెంబరు లేదు కదా వీపు మీద, మీకెలా కనబడతాడు!

వీళ్ళకి ఈ నేల లేకపోతే ఏం చేస్తారో తెలుసా? ఏ సాయంత్రమైనా అటు కొన మీదికెళ్ళి చూడండి. పెద్దపిల్లలు వరసగా కూర్చుని ఉంటారు, ఇటలీ వైపు మొహం పెట్టి. ఎవరి పడవ గట్టిది, ఎవరి మోటారు నమ్మొచ్చు, ఇవే మాటలు. బంతి తన్నే పిల్లాడు ఇటు తిరిగి ఉంటాడు, బంతి లేని పిల్లాడు అటు తిరుగుతాడు. ఇంతే తేడా. కిందటేడు అటు తిరిగిన వాళ్ళలో ముగ్గురి తల్లులు ఇంకా రేవు దగ్గరే పడుకుంటున్నారు. మీకు తెలీదా? మీరు ఐసు పంపించారు కదా, శవమై దొరికిన నాలుగోవాడి కోసం.

సరే. ఇక దాచను.

మీరనుకుంటున్నట్టు నాకు తోవ తప్పలేదు మావయ్యా. పాటు ఎప్పుడో, పోటు ఎప్పుడో నాకు తెలీదా? నిద్రలో లేపి అడిగినా చెబుతా. రేవుకి లోతు దారి అటుంది, ఖర్జూరాల పక్క నుంచి. నేను కావాలనే ఇటు తిప్పాను. మీరు చొక్కా ఎలా పట్టుకోవాలో చూసుకుంటుంటే, నేను మెల్లగా తాత దడి మీదికి తెచ్చి కూర్చోబెట్టాను. ఐదు దాటేదాకా ఇక్కడే ఉంచుదామని. దాటితే ఆయన రాడు. ఆయన రాకపోతే హోటలువాడికి నేలెందుకిస్తారు? డబ్బు మిగులుతుంది. మిగిలిన డబ్బుకి ఎప్పుడో ఒకప్పుడు బుద్ధి పుడుతుందేమోనని. అంతే. కొడతారా? కొట్టండి.

నవ్వుతున్నారేంటి?

దేనికి మావయ్యా ఆ నవ్వు?

ఏంటీ... పొద్దున్నేనా? స్ఫాక్స్‌లోనా? మొదటి లూద్‌కి వెళ్ళి... రెండూనా? రెండు సంతకాలూనా?

ఓహో.

మరి గడియారం? ఇంతసేపూ గడియారం చూసింది...

వెలుగా? ఫొటోకి వెలుగు పోతుందనా!

ఆహాహా. ఆ ఫొటోల కుర్రాడు చెప్పాడా, నాలుగు దాటితే ఎండ పచ్చబడి మొహం ముసలిగా పడుతుందని? నేను ఐదింటికి వల వేసుకుని కూర్చుంటే, మీరు నాలుగింటి ఎండ కోసం కంగారుపడుతున్నారు!

అందుకా పిల్లలు ఇటొచ్చింది. ఉప్పునేలకి కంచె, తాళం పొద్దున్నే పడ్డాయన్నమాట. వాళ్ళకి తెలుసు. ఆ చొక్కా లేనివాడికి కూడా తెలుసు. నాకొక్కదానికే తెలీదు. దడి కట్టాననుకున్నా, పెద్ద తెలివి! చేప పొద్దున్నే వెళ్ళిపోయింది. మీ మేనకోడల్నే కదా, నాక్కూడా ఆలస్యంగానే తెలుస్తుంది.

లేదు, ఏడవట్లేదు. కారం ఎక్కువైంది రొట్టెలో.

కదిలింది చూశారా, అడుగున? నీళ్ళొస్తున్నాయి. ఇందాక అంత తొందరపడ్డారు, ఇప్పుడు కాస్త ఆగండి. వాళ్ళ ఆట కాసేపుండనివ్వండి. చీలమండల దాకా వచ్చాయి నీళ్ళు, ఒక్కడూ ఆగట్లేదు, చూడండి. బంతి తేలుతోంది, తేలే బంతినే తంతున్నారు. నీళ్ళు ఎగిరి పడుతుంటే ఎంత... ఛ, ఎంత అందంగా ఉన్నారో! ఆ చొక్కా లేనివాణ్ణి బాగా చూసి పెట్టుకోండి. నాలుగైదేళ్ళకి అవతలి ఒడ్డు వాడెవడో వాణ్ణి పట్టుకెళ్ళి, నెంబరు వేసి, టీవీలో చూపిస్తాడు. అప్పుడు మీరు కొనుక్కుందురుగానీ, ఐసు ఫ్యాక్టరీ అమ్మి. మోకాళ్ళకి రెండు పట్టీలు వచ్చేదాకా ఆగితే ఇంకా చవగ్గా వస్తాడు.

వాడు అప్పటిదాకా ఇటు తిరిగే ఉంటే.

పదండి. అందరూ ఎదురుచూస్తున్నారు. లేవండి, చొక్కా ఎత్తండి, పళ్ళు కనబడేలా నవ్వండి. ఏం చేస్తాం, మన క్లబ్బే కదా, రేపు గోల్ పడితే అరిచేది మేమే. ఆయన మోకాలు విరిగితే మొక్కుకునేదీ మేమే. ఫొటోలో మీ వెనకాల తాత దడి మొద్దులు పడతాయి, జాగ్రత్త. తెలిసినవాడెవడూ మీ వాల్దెమార్‌ని చూడడు, ముందు వాటినే చూస్తాడు.

తెరచాప లేపుతున్నా. కర్ర ఇటు తిరుగుతుంది. తల వంచండి మావయ్యా.

వంచండంటే!

తగిలిందా? చెప్పాను కదా. కప్పు గెలిచినవాళ్ళకి తల వంగదు. ఇది మాత్రం నేను కావాలని చేసింది కాదు.